తలుపు తెరచి ఉన్నంత మాత్రాన...



వేసవి సాయంత్రం మన ఉప్పల్, నాచారం వీధుల్లో నడిచి వెళ్తే సగం ఇళ్ళ తలుపులు తెరచి కనబడతాయి. ఉక్కపోతకు తట్టుకోలేక గాలి కోసం తెరచిన తలుపులవి. లోపల ఎవరో అన్నం తింటుంటారు. ఎవరో పిల్లవాణ్ణి కేకలేస్తుంటారు. ఒక పెద్దాయన మంచం మీద నడుము వాల్చి ఉంటాడు. దారిన పోయేవారికి ఇదంతా కనబడుతుంది. కనబడినా చూడనట్టు సాగిపోవడం మన పెద్దలు నేర్పిన మర్యాద. అలా కాక ఒకడు గుమ్మం ఎదుట నిలబడి, ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎవరు ఎవరితో మాట్లాడారు, దీపం ఎప్పుడు ఆర్పారు అని రోజూ పుస్తకంలో వ్రాసుకుంటున్నాడనుకోండి. అడిగితే, "తలుపు మీరే తీసిపెట్టారు కదా! నేను గడప దాటలేదే!" అంటాడు. అతడు చెప్పినది అబద్ధం కాదు. అయినా మన మనస్సు ఒప్పుకోదు. ఎందుకు ఒప్పుకోదు? ఈ వారం మన ఆలోచన ఆ 'ఎందుకు' గురించే.

మన విచారణల్లోని యువతీయువకులు చాలామంది ఇప్పుడు కంప్యూటరు రంగంలో పని చేస్తున్నారు. వారిలో కొందరు భద్రతా విభాగంలో ఉన్నారు. మొన్న ఒక ఆదివారం పూజ అయిన తరువాత ఆ పనిలో ఉన్న ఒక అబ్బాయి నన్నడిగాడు: "ఫాదర్, నేను ఎవరి పాస్‌వర్డూ దొంగిలించను. ఏ తాళమూ పగలగొట్టను. లోకానికంతటికీ కనబడే విషయాలనే ఏరి, ఒకచోట చేర్చి, కంపెనీకి ఇస్తాను. ఇందులో పాపమేమైనా ఉందా?" ప్రశ్న చిన్నదే. కాని ఉందనో లేదనో ఒక్క మాటలో తేల్చి చెప్పగలిగినది కాదు.

ఏమిటీ పని?

ఈ పనిని ఆ రంగంవారు 'ఓపెన్ సోర్స్ ఇంటెలిజెన్స్' అంటారు, పొట్టిగా 'ఓసింట్'. వార్తాపత్రికలు, ప్రభుత్వ వెబ్‌సైట్లు, ఉద్యోగ ప్రకటనలు, ఫేస్‌బుక్ ఫోటోలు, పటాలు, కోర్టు తీర్పులు - ఇలా బహిరంగంగా దొరికే వాటి నుండి విషయాలు సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి చూచి, ఒక నిర్ణయానికి రావడమే ఈ పని.

ఇది కొత్త విద్య కాదు. మోషే పన్నెండుమందిని కనాను దేశానికి పంపినప్పుడు, అక్కడి నేల సారవంతమైనదా, పట్టణాలకు ప్రాకారాలున్నాయా, ప్రజలు బలవంతులా బలహీనులా అని కళ్ళతో చూచి రమ్మన్నాడు (సంఖ్యాకాండము 13). రెండవ ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో బ్రిటన్‌లో బి.బి.సి. సంస్థ విదేశీ రేడియో ప్రసారాలను వినడానికే ఒక విభాగాన్ని నెలకొల్పింది. 1941లో అమెరికా ప్రభుత్వమూ అటువంటి విభాగాన్నే పెట్టుకొన్నది. శత్రువు అందరికీ వినబడేలా చెప్పిన మాటల నుండే అతని మనస్సులోని మాటను కనిపెట్టడం వారి పని.

అయితే ఆనాడు అందుకు ఒక ప్రభుత్వం, వందలాది ఉద్యోగులు, పెద్ద ఖర్చు కావలసి వచ్చేవి. ఇప్పుడు పరిస్థితి ఎంత మారిందో చూడడానికి మనం దూరం వెళ్ళనక్కరలేదు. 1767లో పుట్టిన సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ మన ఉప్పల్‌లోనే ఉన్నది. దేశపు పటాలు గీసే సర్వేయర్లు అక్కడ తయారవుతారు. ఒకప్పుడు వివరమైన పటాల మీద ఎన్నో ఆంక్షలుండేవి. సరిహద్దు ప్రాంతాల పటం కావాలంటే అనుమతులు కావలసి వచ్చేవి. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం కొత్త మార్గదర్శకాలు ప్రకటించి, భారతీయ సంస్థలు ముందస్తు అనుమతి లేకుండానే పటాలు తయారుచేసి ప్రచురించవచ్చునన్నది. 2022 జూలైలో గూగుల్ సంస్థవారి 'స్ట్రీట్ వ్యూ' హైదరాబాదుతో సహా పది నగరాలలో మొదలైంది. వీధిలో నడుస్తూ చూచినట్టుగా ఇంటి ముంగిళ్ళను, గేట్లను, దుకాణాల బోర్డులను ఏ దేశంలో కూర్చున్నవారైనా చూడవచ్చు. పక్కనే రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల, డిటెక్టివ్ శిక్షణ సంస్థ ఉన్నాయి. ఆరా తీయడం అక్కడివారికి శిక్షణతో, పై అధికారుల అదుపుతో కూడిన వృత్తి. అదే పనిని ఈనాడు ఇంటర్ చదివే పిల్లవాడు అన్నం తింటూ ఫోనులో చేయగలడు. అతనికి శిక్షణా లేదు, అదుపూ లేదు. అందుకే ఈ ప్రశ్న ఉద్యోగస్తులకే గాక మనందరికీ వర్తిస్తుంది.

కాపలాదారు, దొంగ

మొదట ఈ పనిలోని మంచిని న్యాయంగా చెప్పుకోవాలి. నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న ఫ్యాక్టరీని ఊహించుకోండి. దాని వెబ్‌సైటులో లెక్కలు చూచే ఉద్యోగి పేరు, ఈమెయిలు ఉన్నాయి. ఉద్యోగ ప్రకటనలో 'ఫలానా సాఫ్ట్‌వేరు తెలిసినవారు కావలెను' అని ఉన్నది. యజమాని తాను వారం రోజులు దుబాయిలో ఉంటానని విమానాశ్రయంలో దిగిన ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టాడు. ఈ మూడూ విడివిడిగా అమాయకమైన విషయాలే. మూడింటినీ కలిపి చూచిన మోసగాడు యజమాని పేరుతో లెక్కల ఉద్యోగికి లేఖ వ్రాస్తాడు: "నేను మీటింగులో ఉన్నాను, ఫోను చేయవద్దు, ఈ ఖాతాకు వెంటనే డబ్బు పంపించు." ఆ పిల్ల భయపడి పంపించేస్తుంది. నెల జీతాలకు దాచిన డబ్బు నిమిషంలో మాయమవుతుంది.

మోసగాడికంటే ముందుగానే ఆ మూడు విషయాలను ఏరి, "అయ్యా, బయటివాడికి మీ సంస్థ ఇలా కనబడుతున్నది, జాగ్రత్తపడండి" అని హెచ్చరించేవాడు చేసేది మంచి పని. రాత్రి గస్తీ తిరిగే కాపలాదారు కూడా తాళాలు లాగి చూస్తాడు. దొంగా లాగి చూస్తాడు. చేతి కదలిక ఒకటే.

లోకంలో ఇంకా గొప్ప ఉదాహరణలున్నాయి. ఐరోపా దేశాల ఉమ్మడి పోలీసు సంస్థ యూరోపోల్ 2017 నుండి ఒక పని చేస్తున్నది. చిన్నపిల్లల మీద జరిగిన అత్యాచారాల చిత్రాలలో నుండి పిల్లలను పూర్తిగా తొలగించి, వెనుక కనబడే ఒక సంచి, ఒక సీసా, ఒక గోడ కాగితం వంటి వస్తువులను మాత్రమే ప్రజలకు చూపి, "ఇది ఏ దేశంలో దొరుకుతుంది?" అని అడుగుతున్నది. సామాన్యులు పంపిన సమాధానాల వలన కొందరు పిల్లలను రక్షించగలిగారు. ఇట్టి పనిని తప్పు అనగలమా?

ఇక్కడే ఒక హద్దు కూడా గుర్తుంచుకోవాలి. ఇంటర్నెట్‌కు తగిలించిన కెమెరాలను, యంత్రాలను వెదికి చూపే 'షోడాన్' అనే సాధనం 2009 నుండి ఉన్నది. ఫలానా చోట ఒక కెమెరా ఉన్నదని అందులో చూడడం వేరు. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డు యజమాని మార్చుకోలేదని తెలిసి, దానిని కొట్టి ఆ ఇంటి లోపలికి చూడడం వేరు. రెండవది బహిరంగ సమాచారం కానే కాదు. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటరులోకి ప్రవేశించడం 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం ప్రకారం నేరం. తాళం బలహీనంగా ఉన్నంత మాత్రాన గడప లేకుండా పోదు.

కూలీల పేర్లు, ఆధార్ అంకెలు

ఇప్పుడు మన తెలుగు నేల మీద జరిగిన రెండు సంగతులు చూద్దాము. ఈ ప్రశ్నలోని అసలు చిక్కు వాటిలో ఉన్నది.

గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. ఆ పథకంలో ఒక గొప్ప సూత్రం ఉండేది: పనిచేసిన కూలీ పేరు, పని దినాలు, ఇచ్చిన కూలి అందరికీ తెలియాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంవత్సరం నుండే సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. ఊరిలో గ్రామసభ పెట్టి, మస్టరు రోలు పైకి చదివేవారు. చచ్చిపోయినవాడి పేరు మీద కూలి ఎత్తినవాడు అక్కడ దొరికిపోయేవాడు. పట్నం వెళ్ళిపోయినవాడు ఊరిలో మట్టి తవ్వినట్టు వ్రాసిన లెక్క అక్కడ తేలిపోయేది. బీదవాడి కడుపు కొట్టేవాడికి చీకటి కావాలి. ఆ చీకటిని తొలగించినది ఈ బహిరంగతే. కనుక 'అన్నీ దాచిపెట్టండి' అనే మాట ఎప్పుడూ పేదల పక్షపు మాట కాదని గమనించండి.

అదే పథకపు మరొక ముఖం 2017లో బయటపడింది. బెంగళూరులోని 'సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ' తరపున అంబర్ సిన్హా, శ్రీనివాస్ కొడాలి అనే పరిశోధకులు ఆ సంవత్సరం మే నెలలో ఒక నివేదిక వెలువరించారు. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లను వారు పరిశీలించారు. అందులో రెండు కేంద్రానివి. రెండు ఆంధ్రప్రదేశ్‌వి - ఒకటి ఉపాధి హామీ రోజువారీ చెల్లింపులది, మరొకటి చంద్రన్న బీమా పథకానిది. ఆ నాలుగింటిలో కలిపి సుమారు 13 కోట్లమంది ఆధార్ సంఖ్యలు, సుమారు 10 కోట్ల బ్యాంకు ఖాతాల సంఖ్యలు ఎవరైనా చూచే విధంగా ఉన్నాయని వారి అంచనా. ఎవరూ దొంగిలించలేదు. ప్రభుత్వ కార్యాలయాలే పెట్టాయి.

కూలి ఎవరికి ముట్టిందో ఊరివారికి తెలియడానికి పేరు, పని, డబ్బు చాలు. ఆధార్ సంఖ్యతో, బ్యాంకు ఖాతా అంకెలతో ఊరివారికి పని లేదు. ఆ అంకెలతో పని ఉన్నవాడు వేరే ఉన్నాడు. ఒక న్యాయమైన ప్రయోజనం కోసం తెరచిన తలుపును, ఆ ప్రయోజనానికి అవసరమైన దానికంటే వెడల్పుగా తెరిచారు. ఆ పరిశోధకులు కూడా కనబడేవాటినే ఏరారు. కాని వారి ఉద్దేశం ఆ తలుపును మూయించడం.

వేలిముద్రల కథ

రెండవ సంగతి 2018 జూన్‌లో బయటపడింది. పెద్దపల్లి జిల్లాకు చెందిన సిమ్ కార్డుల వ్యాపారి ఒకరిని పోలీసులు పట్టుకున్నారు. భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజుల నకళ్ళు ఆ రోజుల్లో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో దొరికేవి. వాటి మీద అమ్మినవారి, కొన్నవారి వేలిముద్రలున్నాయి, ఆధార్ సంఖ్యలున్నాయి. అతడు వాటిని దించుకొని, రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో ఆ వేలిముద్రలకు నకళ్ళు చేసి, వాటిని వేలిముద్ర యంత్రం మీద ఒత్తి, ఊరూ పేరూ ఎరుగనివారి మీద వేలాది సిమ్ కార్డులు తెరిచాడని పోలీసులు చెప్పారు. అమ్మకాల లక్ష్యం పూర్తి చేయడానికట! 2022లో సైబరాబాదు పోలీసులు పట్టుకున్న మరొక ముఠా ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ దస్తావేజుల నుండి ఇలాగే వేలిముద్రలు తీసి, ఆధార్ ఆధారిత చెల్లింపుల పద్ధతిలో జనం ఖాతాల నుండి డబ్బే తీసుకున్నది.

భూమి దస్తావేజు ఎందుకు బహిరంగంగా ఉంచుతారు? కొనేవాడు మోసపోకుండా ఉండడానికి. ఒకే ప్లాటును ముగ్గురికి అమ్మే వ్యవహారాలు మన బోడుప్పల్, పీర్జాదిగూడ వైపువారికి చెప్పనక్కరలేదు! జీవితకాలపు కష్టార్జితం పెట్టి నూరు గజాలు కొనుక్కునేవాడికి ఆ దస్తావేజు చూడడం ఒక రక్షణ. ఆ రక్షణ కోసం పెట్టిన కాగితమే మరొకరి చేతిలో కన్నపుకోల అయింది. పాస్‌వర్డు మార్చుకోవచ్చు. వేలిని మార్చుకోలేము కదా!

మూడు చిక్కుముడులు

"అందరికీ కనబడేదే కదా" అనే వాదంలో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసి చూద్దాము.

మొదటిది: కనబడడం వేరు, దాని ప్రయోజనం వేరు. మన శ్రీసభలోనే ఇందుకు చక్కని ఉదాహరణ ఉన్నది. పెండ్లికి ముందు గుడిలో ప్రకటనలు చదువుతాము. ఫలానావారి కుమారుడికి ఫలానావారి కుమార్తెతో వివాహం జరుగబోతున్నది, ఆటంకమేదైనా ఎరిగినవారు తెలియజేయండి అని. ఆటంకం తెలిసినవారు చెప్పి తీరాలని శ్రీసభ చట్టం 1069వ నిబంధన చెబుతుంది. ఇదీ బహిరంగ సమాచార సేకరణే! కాని ఆ ప్రకటన విన్న బంగారు వ్యాపారి పెండ్లి రోజున ఆ ఇంట్లో ఎంత నగ ఉంటుందో లెక్క వేసుకొని దొంగకు చెబితే, "గుడిలో చదివారు కాబట్టి చెప్పాను" అనే మాట చెల్లుతుందా? ఒక విషయాన్ని లోకానికి చెప్పినవారు ఏ పని కోసం చెప్పారో ఆ పనికి అది కట్టుబడి ఉంటుంది. ప్రకటన విన్నవాడికి ఆ కట్టుబాటు కూడా వినబడాలి.

రెండవది: ముక్కలు వేరు, మొత్తం వేరు. పరుగెత్తేవారు, సైకిలు తొక్కేవారు తమ దారిని నమోదు చేసుకునే 'స్ట్రావా' అనే సంస్థ 2017 నవంబరులో లోకమంతటి దారులను కలిపి ఒక పటం వేసింది. అందులో ఒక్కరి పేరూ లేదు. అయినా 2018 జనవరిలో ఇరవై ఏండ్ల ఆస్ట్రేలియా విద్యార్థి ఒకరు చూచి, ఎడారి మధ్యలో వెలుగుతున్న గీతలు సైనిక స్థావరాల చుట్టూ సైనికులు వ్యాయామం చేసిన దారులని పట్టేశాడు. ప్రతి సైనికుడూ తన పరుగును మాత్రమే చెప్పాడు. స్థావరం ఎక్కడుందో ఏ ఒక్కరూ చెప్పలేదు. కలిపి చూచినప్పుడు, ఎవరూ చెప్పని విషయం బయటపడింది. మన ఇండ్లలోనూ అంతే. అమ్మాయి బడి యూనిఫారం ఒక ఫోటోలో, ట్యూషన్ సమయం ఒక మాటలో, ఇంటి గేటు మరొక ఫోటోలో. ఆ మూడింటినీ ఏ తల్లీ ఒక అపరిచితుడికి ఒకేసారి చెప్పదు. ఏరినవాడు మాత్రం ఆమె ఇవ్వని దానిని తీసుకున్నాడు. కాబట్టి పోగుచేయడం కూడా ఒక క్రియ అని, దానికి ప్రత్యేకంగా నీతి బాధ్యత ఉన్నదని మనం ఒప్పుకోవాలి.

మూడవది: నిజం వేరు, న్యాయం వేరు. సమూవేలు మొదటి గ్రంథం 21, 22 అధ్యాయాలు తీసి చూడండి. సౌలు నుండి పారిపోతున్న దావీదు నోబుకు వచ్చాడు. యాజకుడు అహీమెలెకు అతనికి రొట్టెలిచ్చాడు, గొల్యాతు కత్తి ఇచ్చాడు. అక్కడ దోయేగు అనేవాడు నిలబడి ఉన్నాడు. అతడు చాటునుండి చూడలేదు. తరువాత సౌలు అడిగినప్పుడు తాను చూచినదే చెప్పాడు. కాని దావీదు పారిపోతున్నాడని యాజకుడికి తెలియదన్న సంగతి ఆ మాటల్లో లేదు. ఫలితం? ఆ రోజున 85 మంది యాజకులు చంపబడ్డారు. కత్తి దూసినవాడు ఆ దోయేగే. కళ్ళతో చూచిన నిజాన్ని, దాని సందర్భం నుండి విడదీసి, చంపాలని చూచేవాడి చేతిలో పెట్టాడు. ఈనాటి స్క్రీన్‌షాట్లు ఎన్ని ఇలా ప్రయాణిస్తున్నాయో ఆలోచించండి.

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాసు అక్వినాసు వారి గ్రంథంలో ఒక చోట ఆగిపోయేవాళ్ళము. ఒక పనిని తూచేటప్పుడు ఆ పని ఏమిటి, ఉద్దేశమేమిటి, పరిస్థితులేమిటి అనే మూడింటినీ చూడాలని ఆయన బోధ. ఆ మహానుభావుడు 'కుతూహలం' అనే దోషాన్ని గురించి చర్చిస్తూ, ఇతరుల ప్రవర్తనను గమనించడం తప్పా అని కూడా ప్రశ్నించుకొన్నాడు. తన మేలు కోసమో, పొరుగువాడి మేలు కోసమో గమనించడం మెచ్చుకోదగినదే. చులకన చేయడానికి, చాడీలు చెప్పడానికి, ఊరికే ఇబ్బంది పెట్టడానికి గమనించడం పాపమే అని తేల్చాడు. చాటున ఒకరి పేరు చెడగొట్టడం దొంగతనం కంటే పెద్ద పాపమని కూడా ఆయన అన్నాడు; ధనం కంటే మంచి పేరు విలువైనది కనుక. పదమూడవ శతాబ్దపు సన్యాసికి ఇంటర్నెట్ తెలియదు. మనిషి తెలుసు.

చట్టం ఎంతవరకు?

"చట్టం ఒప్పుకుంటే చాలదా?" అని అడిగేవారుంటారు. 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ దస్తావేజులకు ఎక్కిన విషయానికి సాధారణంగా గోప్యత హక్కు ఉండదని చెప్పింది. అత్యాచార బాధితులైన స్త్రీల వంటివారికి మినహాయింపునిచ్చింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. బహిరంగ స్థలంలో ఉన్నంత మాత్రాన మనిషి తన గోప్యతను వదులుకున్నట్టు కాదని కూడా ఆ తీర్పులో ఉన్నది. తరువాత 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి. అయితే ఒక వ్యక్తి తానే బహిరంగపరచిన సమాచారానికి, చట్టరీత్యా బహిరంగపరచవలసి వచ్చిన సమాచారానికి ఈ చట్టం వర్తించదని దాని 3వ సెక్షను చెబుతున్నది. అంటే మనం మాట్లాడుకుంటున్న మేరకు ఈ చట్టం పక్కకు తప్పుకున్నది. ఆ ఖాళీలో మిగిలినది మన అంతరాత్మే.

మన ఇండ్లలో

ఇక ఇంటి మాటకు వద్దాము. పెండ్లి సంబంధాలు చూచేటప్పుడు ఎంక్వయిరీ చేయడం మనకు అలవాటు. అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలనేవారు. ఇప్పుడు ఇంట్లోని కుర్రవాడు ఫోను పట్టుకొని అరగంటలో అంతా తవ్వేస్తాడు. ఒక ఉదాహరణ చెబుతాను. అమ్మాయి ఆరేండ్ల క్రితం కాలేజీ విహారయాత్రలో స్నేహితులతో దిగిన ఫోటో ఎవరో పెట్టినది ఉన్నది. అబ్బాయి వైపువారు దానిని వెలికి తీసి, బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పక్కన నిలబడినవాడు ఎవరని అమ్మాయిని ఎవరూ అడగలేదు. సంబంధం వద్దన్నారు. తరువాత వచ్చిన సంబంధం వారికీ ఆ ఫోటో చేరింది. ఆ ఫోటో అబద్ధం కాదు. ఎవరూ దొంగిలించలేదు. కాని ఆ తల్లిదండ్రుల కన్నీళ్ళకు జవాబు చెప్పవలసినవారు ఎవరూ లేరా?

అలాగని గుడ్డిగా పిల్లనివ్వమని నేను చెప్పడం లేదు. అబ్బాయికి ఇదివరకే పెండ్లి అయిందా, చెప్పిన ఉద్యోగం నిజమా, కొట్టిన తిట్టిన కేసులేమైనా ఉన్నాయా - ఇవి తెలుసుకోవడం తల్లిదండ్రుల హక్కు మాత్రమే కాదు, బాధ్యత. విదేశీ సంబంధమైతే మరీను. అడగవలసిన ప్రశ్న ముందే తెలుసుకొని, దాని జవాబు వరకే వెదకండి. ఏదో ఒకటి దొరకకపోతుందా అని వెదకడం మొదలుపెడితే, ఏ మనిషి దగ్గరైనా ఏదో ఒకటి దొరుకుతుంది. మన దగ్గర కూడా.

అధికారంలో ఉన్నవారి సంగతి వేరు. ప్రజల డబ్బు ఖర్చు చేసే అధికారి, ఓట్లడిగే నాయకుడు, విరాళాలు తీసుకునే సంస్థ - ఆ మాటకొస్తే విచారణ లెక్కలు చూచే మా వంటి గురువులు - తమ పని విషయంలో ఇతరుల కళ్ళకు తప్పుకోకూడదు. చేతిలో అధికారం ఎంత ఎక్కువో, జనం చూచే హక్కు అంత ఎక్కువ. కూలీ స్త్రీ బ్యాంకు ఖాతా, కాలేజీ పిల్ల పాత ఫోటో ఆ కోవలోకి రావు.

కనుక ఆ అబ్బాయికి, ఆ రంగంలో ఉన్న మీ అందరికీ నా జవాబు ఇది. మీ పని తప్పు కాదు. మంచిగా చేస్తే సేవ. అయితే ప్రతిసారీ కొన్ని ప్రశ్నలు వేసుకోండి. ఈ సమాచారాన్ని ఎవరు, ఏ పని కోసం బయట పెట్టారు? నా పని దానికి విరుద్ధమా? "నీ గురించి ఇవి పోగుచేశాను, ఇందుకోసం చేశాను" అని ఆ మనిషి ముఖం మీద చెప్పగలనా? చెబితే నిందితుడు పారిపోతాడనే సందర్భాలుంటాయి, నిజమే. అప్పుడు కనీసం ఒక న్యాయమూర్తి ముందైనా తలవంచకుండా చెప్పగలనా? పని అయిపోయాక ఆ పోగును చెరిపేస్తున్నానా, మరొకరి చేతిలో పడేలా వదిలేస్తున్నానా? ఎక్కడైనా తెరచి ఉన్న తలుపు కనబడితే, ముందుగా ఇంటివారికి చెబుతున్నానా, గొప్ప కోసం వీధిలో చాటుతున్నానా?

ఇంటి పెద్దలకు కూడా కొన్ని మాటలు. మీ ఆధార్ కార్డు నకలు అడిగిన చోటల్లా ఇవ్వకండి. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడే 'మాస్క్‌డ్ ఆధార్' దొరుకుతుంది. మీ వేలిముద్రలు ఆధార్‌లో పనిచేయకుండా తాళం వేసుకునే సౌకర్యం ఆధార్ సంస్థవారి యాప్‌లోనే ఉన్నది. పిల్లలను అడిగి వేయించుకోండి. ఊరు వెళ్ళే ఫోటోలు తిరిగి వచ్చిన తరువాత పెట్టండి. డబ్బు పోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి ఫోను చేయండి. ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారుతుంది.

విచారణ సంఘాల వారికి ఒక మనవి. కుటుంబాల డైరెక్టరీలో పేరు, ఫోను నంబరు, పెండ్లి తేదీ, పిల్లల వయస్సులు, ఇంటి చిరునామా అన్నీ కలిపి అచ్చువేసి, దానినే ఫోనులలో పంచుతున్నాము. ఒకరినొకరు కష్టసుఖాల్లో పలకరించుకోవాలన్నది దాని ఉద్దేశం. ఆ ఉద్దేశానికి ఎంత కావాలో అంతే అచ్చువేద్దాము. జబ్బుపడినవారి కోసం ప్రార్థన అడిగేటప్పుడు ఆ జబ్బు పేరు, ఆసుపత్రి గది సంఖ్య గ్రూపులో పెట్టనక్కరలేదు. వారి పేరు దేవునికి తెలుసు.

వచ్చే వారం ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు ఒక పని చేయండి. మీ గురించి, మీ పిల్లల గురించి బయటివారికి ఏమేమి కనబడుతున్నదో మీరే వెదికి చూడండి. అక్కరలేనివి తీసివేయండి. తరువాత మీ ఫోనులో ఇతరుల గురించి మీరు దాచుకున్న ఫోటోలు, స్క్రీన్‌షాట్లు తెరవండి. ఒక్కొక్కటి ఎందుకు ఉంచుకున్నారో మీ అంతరాత్మను అడగండి. జవాబు చెప్పలేని వాటిని చెరిపేయండి.